కిలో లోపు ల్యాప్‌టాప్ కొంటున్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసుకోండి

కొత్తగా తేలికపాటి ల్యాప్‌టాప్ తీసుకోవాలనుకునేవాళ్లకు ఇదొక హెచ్చరిక. ఇలాంటి మెషిన్లలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి వారంటీ పనికిరాదు. కంపెనీ లెక్కలో అవి అసలు లోపాలే కావు. బ్యాటరీ సగం రోజు కూడా రావడం లేదన్నా, మీటింగ్ మధ్యలో మెషిన్ మొరాయిస్తోందన్నా సర్వీస్ వాళ్లు ఒక టెస్ట్ నడిపి, "అన్నీ పాస్ అయ్యాయండీ, ఈ మోడల్ ఇంతే" అని తిప్పి పంపేస్తారు. నాకు జరిగింది అదే. అంచేత కొన్నాక మీకు గట్టిగా అక్కరకొచ్చేది రిటర్న్ గడువు ఒక్కటే. ఆ కొద్ది రోజుల్లో ఏం చూడాలో తెలిస్తే చాలా తలనొప్పి తప్పుతుంది.

కంపెనీ పేరు రాయడం లేదు. బరువు తగ్గించడానికి దాదాపు అందరూ తొక్కే దారి ఒకటే కనుక పేరుతో పెద్దగా పని లేదు.

ముందు మంచి చెప్పాలి. బరువు విషయంలో అబద్ధమేమీ లేదు. 990 గ్రాములన్నారు, తూకం వేస్తే అంతే ఉంది. ఒంటి చేత్తో మూత తెరవచ్చు. భుజాన బ్యాగు ఉందా లేదా అన్నట్టుంటుంది. గట్టిగా టైప్ చేస్తే కీబోర్డు నడిమధ్యలో కాస్త కిందికి కుంగుతుంది కానీ చేతికి హాయిగానే ఉంది. షాపులో ఐదు నిమిషాలు పట్టుకుని చూసేవాళ్లకు కనబడేవి ఇవే. మొదటి రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చేసే రివ్యూల్లో ఉండేవీ ఇవే. వాటిని నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

అయితే ఆ 990 గ్రాముల్లో అడాప్టర్ లేదు, దాని కేబుల్ లేదు. హెచ్‌డీఎంఐ పోర్టు, మెమరీ కార్డు స్లాట్ తీసేశారు కాబట్టి వాటి కోసం విడిగా ఒక హబ్ (అదనపు పోర్టులిచ్చే చిన్న పెట్టె) మోయాలి. అన్నీ కలిపి తూస్తే కిలోన్నర దగ్గరికి వచ్చింది.

ఇక బ్యాటరీ. డబ్బా మీద "18 గంటలు" అని పెద్దక్షరాలు. కింద చిన్నక్షరాల్లో షరతులు: బ్రైట్‌నెస్ తగ్గించి, డిస్క్‌లో ఉన్న వీడియోను ఆపకుండా నడిపితే వచ్చిన లెక్క అది. వీడియో చూపించడానికి ప్రాసెసర్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. అది చాలా తక్కువ కరెంటుతో పని కానిచ్చేస్తుంది, మిగతా చిప్ దాదాపు ఖాళీగా ఉంటుంది. అంటే మెషిన్‌కు అన్నిటికన్నా సులువైన పని ఏదో వెతికి, దాని మీద గంటలు లెక్కగట్టారన్నమాట.

ఇందులో నిజమెంతో కొనకముందే తేల్చుకోవచ్చు. స్పెసిఫికేషన్లలో బ్యాటరీ పరిమాణం వాట్-అవర్లలో ఇస్తారు, అంటే గంటకు ఒక వాట్ చొప్పున తింటే ఎన్ని గంటలు వస్తుందన్న లెక్క. నా దాంట్లో 42 వాట్-అవర్లు. దాన్ని 18తో భాగిస్తే 2.3 వాట్లు. అంటే తెర, ప్రాసెసర్, వైఫై, డిస్క్ అన్నీ కలిపి సగటున 2.3 వాట్లే తినాలి. కాస్త వెలుతురున్న గదిలో కళ్లకు సరిపడా బ్రైట్‌నెస్ పెడితే తెర ఒక్కటే అంత తినేస్తుంది. బ్రౌజర్‌లో పది ట్యాబులు, ఒక చాట్ యాప్, ఒక డాక్యుమెంట్ తెరిచి పని చేస్తే నా మెషిన్ 7 వాట్ల దగ్గర తిరుగుతోంది. 42ను 7తో భాగిస్తే ఆరు గంటలు. వీడియో కాల్ మొదలైతే 12 వాట్లు దాటుతుంది, అప్పుడు మూడున్నర గంటలు కూడా రాదు. మీరు కొనబోయే మోడల్ వాట్-అవర్లు ఎన్నో చూసి, మామూలు ఆఫీసు పనికి 7తో, కాల్స్ ఎక్కువుంటే 12తో భాగించండి. ప్రకటనలో గంటల కంటే ఈ లెక్కే నిజానికి దగ్గరగా ఉంటుంది. విమానాల్లో మామూలుగా 100 వాట్-అవర్ల దాకా అనుమతిస్తారు కాబట్టి ల్యాప్‌టాప్‌లో అంతవరకు పెట్టే వీలుంది. తేలిక మోడళ్లలో చాలావాటిలో అంతకన్నా బాగా తక్కువే పెడతారు, ఎందుకంటే మెషిన్ మొత్తంలో బాగా బరువు తూగే భాగాల్లో బ్యాటరీ ఒకటి.

చిన్న బ్యాటరీతో ఇంకో తంటా ఉంది. పెద్ద బ్యాటరీకి రోజుకు ఒక చార్జ్ సరిపోయే చోట దీనికి రెండు కావాలి, అరుగుదల కూడా ఆ లెక్కనే త్వరగా వస్తుంది. అందుకని డబ్బా విప్పిన రోజే బ్యాటరీ రిపోర్ట్ తీసి దాచుకోండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో కొడితే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో ఉండాల్సిన సామర్థ్యం), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిజంగా పట్టేది) రెండూ ఉంటాయి. చాలా మోడళ్లలో సైకిల్ కౌంట్ (ఎన్ని పూర్తి చార్జ్‌లు అయ్యాయన్న లెక్క) కూడా కనిపిస్తుంది. కొత్తదని అమ్మిన దాంట్లో సైకిళ్లు పదుల్లో ఉన్నాయంటే ఎవరో వాడి వెనక్కి ఇచ్చిన పీస్ మీకు అంటగట్టారేమోనని గట్టిగా నిలదీయండి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం బ్యాటరీ కాదు, నిద్ర. మూత మూసి బ్యాగులో పెట్టిన మెషిన్ బయటికి తీసేసరికి కాలిపోతోంది! బ్యాటరీ సగానికి పడిపోయింది. పీస్ పాడైందేమోనని సర్వీస్‌కి పట్టుకెళితే, అది మోడ్రన్ స్టాండ్‌బై అనీ, అలాగే ఉంటుందనీ చెప్పారు. విషయం ఏమిటంటే, పాత ల్యాప్‌టాప్‌లలో ఎస్3 అనే గాఢనిద్ర ఉండేది. ర్యామ్‌కు తప్ప మిగతా వాటన్నిటికీ కరెంటు ఆగిపోయేది. కొత్తవాటిలో ఎక్కువగా ఉండేది ఎస్0 స్థితి. ఫోన్ లాగా తెర ఆరిపోయినా లోపల నెట్ కనెక్షన్, అప్‌డేట్లు, మెయిల్ తనిఖీలు జరుగుతూ ఉండవచ్చు. ఏదో ఒక ప్రోగ్రామో డ్రైవరో సరిగ్గా పడుకోకపోతే మూసిన బ్యాగులో గాలి ఆడక వేడెక్కిపోతుంది. ఫ్యాన్ లేని మోడల్ అయితే చప్పుడు కూడా రాదు కాబట్టి మనకు తెలియనే తెలియదు.

దీనికి తాత్కాలికంగా ఒక మందు ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత మూస్తే స్లీప్‌కు బదులు హైబర్నేట్ (తెరిచినవన్నీ డిస్క్‌లో దాచి మెషిన్ ఆగిపోవడం) అయ్యేలా పెట్టుకోవడం. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. "మూత తెరవగానే సిద్ధం" అని చెప్పి అమ్మినదాన్ని ఇలా వాడుకోవాల్సి రావడం మాత్రం ఒళ్లు మండే విషయమే. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ అని కొడితే మీ మెషిన్‌లో ఏయే నిద్రలు ఉన్నాయో చూపిస్తుంది. రిటర్న్ గడువులోనే ఒక రాత్రి చార్జర్ తీసేసి స్లీప్‌లో వదిలి, పొద్దున్నే ఎంత శాతం తగ్గిందో చూడండి. ఐదారు శాతమైతే సర్దుకోవచ్చు. ఇరవై, ముప్పై పోయిందంటే నేనైతే మళ్లీ ఆలోచించను, వెనక్కి ఇచ్చేస్తాను.

వేగం సంగతికొస్తే, ప్రాసెసర్ పేరు చూసి మురిసిపోవద్దు. ఒకే చిప్‌కు ఎన్ని వాట్లు ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్ల ఇష్టం. లావుపాటి మెషిన్‌లో 28 వాట్ల దగ్గర హాయిగా నడిచే చిప్‌ను పలుచటి దాంట్లో 12 వాట్లకే కట్టిపడేస్తారు, అంతకు మించిన వేడిని బయటికి పంపే చోటు లోపల ఉండదు కాబట్టి. మొదటి ఒకటి రెండు నిమిషాలు పూర్తి జోరు మీద ఉంటుంది. బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) స్కోర్లు, షాపులో చూపించే డెమోలు అన్నీ ఆ రెండు నిమిషాల ముచ్చటే. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. నా దాంట్లో వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తూ పెద్ద ఎక్సెల్ షీట్ తెరిస్తే కాసేపటికి మౌస్ బాణం తడబడుతుంది, అవతలివాళ్లకు నా గొంతు ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. అదే షీట్ విడిగా తెరిస్తే ఏ ఇబ్బందీ లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో సీపీయూ ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ ఎన్ని వాట్లు తింటోందో చెప్పేది) అనే వరుస చూస్తే ఇదంతా అంకెల్లో కనిపిస్తుంది. ఎక్కువసేపు సాగే నిజమైన కాల్ ఒకటి, చార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, గడువులోపే చేసి చూడండి.

ప్రాసెసర్ పేర్లలో ఉండే తిరకాసు కూడా చూసుకోండి. ఏఎండీ కంపెనీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లైన రైజెన్ 7000 మొబైల్ సిరీస్‌లో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520యూలో ఆ అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్. 7540యూ అయితే జెన్ 4. పేర్లు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, మధ్యలో రెండు తరాల తేడా.

ర్యామ్ గురించి ఒక్క మాట, కానీ గట్టి మాట. తేలిక మోడళ్లలో చాలావరకు ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. తర్వాత పెంచుకోవడం కుదరదు. 8 జీబీ అని రాసినదాంట్లో గ్రాఫిక్స్ కూడా వాటా తీసుకుంటుంది, మనకు మిగిలేది 8 కన్నా తక్కువ. డెమో పీస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ పేజీలో ఫారం ఫ్యాక్టర్ ఎదురుగా రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అది అతికించినదేనని అర్థం. నాలుగైదేళ్లు వాడే ఉద్దేశముంటే 16 జీబీకి తక్కువ తీసుకోవద్దు. ఈ విషయంలో "తర్వాత వేయించుకోవచ్చు సార్" అనే సేల్స్‌మన్ మాట అసలు నమ్మొద్దు.

పోర్టుల దగ్గర ఇంకో మెలిక. చూడ్డానికి రెండు టైప్-సీ పోర్టులూ కవల పిల్లల్లా ఉంటాయి, పనిలో మాత్రం పోలికే ఉండదు. నా దాంట్లో రెండింటికీ చార్జింగ్ ఎక్కుతుంది, కానీ మానిటర్‌కు బొమ్మ పంపేది ఒక్కటే. రెండోది డేటా విషయంలో పాత యూఎస్‌బీ 2.0 వేగంతోనే నడుస్తుంది. టైప్-సీ అన్నది ఆకారం పేరు, వేగం దాని వెనక ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. యూఎస్‌బీ 2.0 గరిష్ఠంగా సెకనుకు 480 మెగాబిట్లు, నిజంగా అందేది 35 నుంచి 40 మెగాబైట్లు. 100 జీబీ ఫొటోలు కాపీ చేయాలంటే ముప్పావుగంట దాకా పడుతుంది. 10 గిగాబిట్ల పోర్టు, దానికి తగ్గ ఎస్‌ఎస్‌డీ ఉంటే రెండు మూడు నిమిషాల పని. పోర్టు పక్కన చిన్న గుర్తులు చూడండి, అంతకన్నా ముఖ్యంగా కంపెనీ సైట్‌లో ఉండే పూర్తి స్పెసిఫికేషన్ పత్రం చూడండి. షాపు వాళ్ల పేజీలో "2 టైప్-సీ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు.

చార్జింగ్ పెట్టి లోహపు బాడీ మీద అరచెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది కూడా. రెండు పిన్నుల అడాప్టర్లతో ఇది మామూలే. లోపలి ఫిల్టర్ నుంచి లీకయ్యే అతి చిన్న కరెంటు అది, పరిమితిలో ఉన్నంతవరకు ప్రమాదం కాదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల అడాప్టర్ వాడితే సాధారణంగా తగ్గుతుంది.

వీటన్నిటి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. స్లీప్‌కు ఒక బయోస్ (మెషిన్‌ను మొదలుపెట్టే మూల ప్రోగ్రామ్) అప్‌డేట్ వేశారు, కొంత తగ్గింది. బ్యాటరీ "పరీక్ష పరిస్థితుల్లో" సరిగ్గానే ఉందన్నారు. వేగం "డిజైన్ ప్రకారమే" అన్నారు. పోర్టు గురించి స్పెసిఫికేషన్ పత్రంలో ఒక మూల ఉన్న వాక్యం చూపించారు. ఒక్కటి కూడా కాదనలేని జవాబు, ఒక్కటి కూడా నా పని తేలిక చేయని జవాబు.

కొనేముందు ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. ఒకే మోడల్ పేరు కింద పది రకాలు అమ్ముతారు, తెర వేరు, బ్యాటరీ వేరు, ర్యామ్ వేరు. రివ్యూ చేసేవాళ్లకు వెళ్లేది తరచూ అన్నిట్లోకీ మంచిది. డబ్బా మీద స్టిక్కర్‌లో ఉండే పూర్తి పార్ట్ నంబర్ అడిగి తీసుకుని, దానికి బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, ఏ టైప్-సీ పోర్టు నుంచి మానిటర్ నడుస్తుంది, డబ్బా విప్పాక రిటర్న్ తీసుకుంటారా అన్న మూడు ప్రశ్నలూ చాట్‌లోనో మెయిల్‌లోనో అడగండి. ఫోన్‌లో చెప్పిన జవాబు చెల్లదు. ఆ స్క్రీన్‌షాట్లు బిల్లుతో పాటు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి, ఆ ఫోల్డర్ మాత్రం కొత్త ల్యాప్‌టాప్‌లో కాకుండా ఫోన్‌లో ఉండేలా చూసుకోండి.