రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్: తీర్పు చెప్పేది మినప్పిండే

మిక్సీ ఉండగా గ్రైండర్ ఎందుకు? చాలామంది మెత్తదనం కోసమనుకుంటారు. మంచి మిక్సీ మినపగుళ్లను ఐదు నిమిషాల్లో వెన్నలా చేసి పెడుతుంది, అందులో లోటేమీ లేదు. కాకపోతే దాని మోటారు నిమిషానికి 18,000 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది, ఆ రాపిడికి పిండి వేడెక్కుతుంది. గ్రైండర్ గిన్నె అదే నిమిషంలో నూటయాభై చుట్లు తిరిగితే ఎక్కువ. గిన్నెలోని రాతి పొత్రాలు పప్పును నలుపుతూ, పిండిని మడతలు పెడుతూ, చుట్టు చుట్టుకీ కాస్త గాలిని లోపలికి లాగుతాయి. మినప్పప్పులోని జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. అలా ఒదిగిన, అంటే గాలి పట్టి పొంగిన, పిండి కోసమే హోటల్ వంటింట్లో మినపగుళ్లు గ్రైండర్‌లో పడతాయి. ఇంటి గ్రైండర్‌ను కూడా ఆ ఒదుగుతోనే తూచాలి.

ఈ 2 లీటర్ల రకంలో ఏ కంపెనీదైనా కట్టు ఇంచుమించు ఒకటే. 150 వాట్ల మోటారు, దాన్నుంచి బెల్టు, అడుగున రాయి బిగించిన స్టీలు గిన్నె, రెండో మూడో పొత్రాలు, అంచుకు అంటిన పిండిని లోపలికి తోసే తెల్ల ప్లాస్టిక్ పలక. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి రుబ్బురోలును మోటారుకు కట్టారు, ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొనేటప్పుడు పొత్రాలు ఎన్నని లెక్కపెట్టడం కంటే వాటి ముఖం చూడండి. వేలితో రాస్తే గరుకు తగలాలి. నున్నగా ఉంటే పప్పు నలగకుండా జారిపోతుంది. మూడు పొత్రాలది త్వరగా రుబ్బుతుందంటారు గానీ, కొద్ది నిమిషాల లాభానికి ఆ సందుల్లోంచి పిండి తీసే అవస్థ పడనక్కర్లేదు. రెండు పొత్రాలదే మేలు.

2 లీటర్లన్న మాట దగ్గర పొరపాటు పడకండి. అది రుబ్బిన పిండి లెక్క. 400 గ్రాముల గుళ్లు దాటిస్తే ఒదిగిన పిండి నడిమి గొట్టం ఎక్కి ఇరుసులోకి దిగుతుంది. బేరింగు తుప్పు పట్టేదీ, పిండిలో నల్లచారలు కనిపించేదీ అప్పుడే. మరీ తక్కువ, 150 గ్రాముల లోపు వేస్తే రాయి రాయిని ఒరుసుకుంటుంది, పంటి కింద సన్నని ఇసుక తగులుతుంది.

ఇడ్లీకి గ్లాసు గుళ్లు, అంటే 200 గ్రాములు, నాలుగైదు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే పప్పు సత్తువ నీళ్లలోకి పోయి పిండి చప్పగా జారుతుంది. గిన్నె తిరగడం మొదలయ్యాకే అరగ్లాసు చల్లటి నీళ్లు పోసి, పప్పు గుప్పెడు గుప్పెడుగా వేయాలి. ఒకేసారి కుమ్మరిస్తే పొత్రాలు ఇరుక్కుని బెల్టు జారుతుంది. కాలిన రబ్బరు వాసన వచ్చిందా, వెంటనే ఆపి సగం పప్పు బయటికి తీసేయండి. ఆ తర్వాత నాలుగైదు నిమిషాలకోసారి రెండు మూడు పెద్ద చెంచాల నీళ్లు, అంతకుమించి వద్దు. మొత్తం మీద గ్లాసు పప్పు గ్లాసుంబావు నుంచి గ్లాసున్నర నీళ్లు తాగుతుంది.

పావుగంట దాటాక కళ్లు, చెవులు రెండూ గిన్నె మీదే ఉంచాలి. అప్పటిదాకా పాలిపోయినట్టున్న పిండి తెల్లబడి నిగనిగలాడుతుంది, పొత్రం వెనక పట్టుచీర కుచ్చిళ్లలా మడతలు పడుతుంది. గరగరమనే చప్పుడు పోయి, గాలి బుడగలు చిట్లుతూ టప్పు టప్పుమంటుంది. ఆ చప్పుడు మొదలయ్యాక ఇంకో ఐదారు నిమిషాలు, అంతే. పాతిక నిమిషాల నుంచి అరగంటలో పని పూర్తవుతుంది. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా తిప్పాలి. వేలికి వెచ్చగా తగిలితే మాత్రం తిప్పడం మాని, ఈసారికి సరిపెట్టుకోండి.

రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వను కడిగి, గంట నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి, మినప్పిండిలో చేత్తోనే కలపాలి. పనిలో పనిగా రవ్వ కూడా గ్రైండర్‌లో వేసి తిప్పేవాళ్లున్నారు. దాంతో పలుకు చితుకుతుంది, పట్టిన గాలి పోతుంది, ఇడ్లీ అట్టలా తేలుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పులియనివ్వండి. వేసవిలో ఐసు నీళ్లతో రుబ్బి, ఉప్పు పొద్దున్నే కలపండి.

ఈ యంత్రం తడబడేది గారెల పిండి దగ్గర. గ్లాసు గుళ్లకు నాలుగైదు చెంచాలకు మించి నీళ్లు పోయకూడదు. అంత గట్టి పిండి పొత్రాల కిందికి వెళ్లకుండా వాటి నెత్తినెక్కి కూర్చుంటుంది. అప్పుడు నీళ్లు పోయాలనిపిస్తుంది. పోశారా, గారె నూనె తాగేస్తుంది. చెక్క గరిటెతో అంచునుంచి కిందికి నొక్కుతూ నడిపించండి, మోటారు మూలిగితే రెండు నిమిషాలు ఆపండి. ఓపిక ఉంటే పిండి అద్భుతంగా వస్తుంది, కానీ దగ్గరే నిలబడాలి. దీన్ని స్విచ్ వేసి వెళ్లిపోయే యంత్రమని అమ్మడం సరికాదు.

పెసరట్టుకు పది పన్నెండు నిమిషాలు చాలు, కాస్త పలుకుండాలి. అల్లం, పచ్చిమిర్చి మాత్రం మిక్సీలో వేసి తర్వాత కలపండి. రాయి ఘాటు పట్టేస్తే వదలదు, మర్నాటి ఇడ్లీకి కూడా ఆ వాసనే. పచ్చళ్లు, పసుపు దీని దరిదాపులకు రానివ్వకండి. దీంతో పాటు ఇచ్చే కొబ్బరి కోరు, చపాతీ పిండి కలిపే పరికరాల కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

కడగడం పది నిమిషాల లోపే కావాలి, ఎండిన మినప్పిండి సిమెంటుతో సమానం. పిండి తీయగానే గ్లాసు నీళ్లు పోసి నిమిషం తిప్పి, ఆ నీళ్లు దోసెల పిండిలో పోసుకోండి. సబ్బు వద్దు, రాయి పీల్చుకుంటుంది. మూత పెట్టే ముందు రాళ్లు పూర్తిగా ఆరాలి.

అమెరికాలో ఉండేవారు 110 వోల్టులదే కొనుక్కోవాలి. ఇక్కడి గ్రైండర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపినా, అక్కడి కరెంటు మన 50 హెర్ట్జులకు బదులు 60 హెర్ట్జులది కాబట్టి ఐదో వంతు వేగం పెరిగి మోటారు వేడెక్కుతుంది. చలికాలంలో పిండిని లోపలి లైటు మాత్రమే వేసిన ఓవెన్‌లో పెడితే పులుస్తుంది.

వారానికి ఒక్కసారైనా ఇడ్లీయో దోసెలో వేసే ఇంటికి ఇది తప్పక కొనదగ్గ వస్తువు. నెలకోసారి వేసేవారికి మిక్సీ, ఐసు నీళ్లు సరిపోతాయి. 11, 12 కిలోల బరువును అల్మరాలోంచి తీసి పెట్టలేక చివరికి వాడటమే మానేస్తారు.

అరగంటలో అయ్యే పప్పుకు ముప్పావుగంట పడుతోందంటే ముందు బెల్టు చూడండి. సాగిపోతే మార్పించండి, చిన్న ఖర్చే. బెల్టు బాగుంటే రాళ్లు నున్నబడ్డట్టు. పొత్రాలకు కక్కు కొట్టించవచ్చు, అంటే ఉలితో గాట్లు పెట్టించి మళ్లీ గరుకు చేయించవచ్చు, కానీ గిన్నెలోని రాయి జిగురుతో అంటించినది. సుత్తి దెబ్బ గట్టిగా పడితే ఊడివస్తుంది. కొట్టేవారికి ఆ మాట ముందే చెప్పి, పక్కన నిలబడి కొట్టించండి.