అరకు అరబికా కాఫీ పొడి: ఏది కొనాలి, ఎలా కాచాలి

అరకు పేరుతో బజారులో దొరికే ప్యాకెట్లు రెండు రకాలు. ఒకటి అచ్చమైన కాఫీ, రెండోది చికోరీ అనే వేయించిన వేరు పొడి కలిపింది. ముందువైపు బొమ్మ చూసి మోసపోకండి, ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో శాతం ఉంటుంది. చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన దేశపు నిబంధన. అంటే దాదాపు సగం చికోరీ ఉన్నా చెల్లుతుందన్నమాట. ఈ సమీక్ష మొదటి రకం గురించి. మన్యం గింజ రుచి తెలియాలంటే అదే కొనాలి. చికోరీ బాగా పడ్డాక అది అరకు గింజో చిక్కమగళూరు గింజో నాలుకకు అందదు.

మధ్యస్థంగా వేయించిన అరబికా రకం గింజ అయితే చేదు వెనక్కి తగ్గి, సన్నని పులుపు, దాని వెంట బెల్లం లాంటి తీపి తెలుస్తాయి. పాలు లేకుండా తాగినా గొంతులో గరగర ఉండదు. నల్లగా మాడేదాకా వేయించిన రకం మాత్రం డబ్బు దండగ. గింజ గుణమంతా పొగలో పోతుంది.

మొదటిసారి కొన్నవాళ్ల ఫిర్యాదు ఒక్కటే: "డికాక్షన్ పలచగా ఉంది, రంగు రాలేదు." తప్పు పొడిది కాదు, కొలతది. చికోరీ నీళ్లలో కరిగి నలుపునూ చిక్కదనాన్నీ ఇస్తుంది, నీటిని పట్టుకుని బొట్టుబొట్టుగా దింపుతుంది. అచ్చ కాఫీలో నీళ్లు త్వరగా దిగిపోతాయి. కాబట్టి పొడి పెంచాలి, నీళ్లు తగ్గించాలి.

ఇద్దరికి 25 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీళ్లు. పొడిని ఫిల్టరు పై గిన్నెలో వేసి సమంగా సర్ది, గొడుగు బిళ్లతో తేలిగ్గా అదమండి, గట్టిగా నొక్కకండి. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగాలి. ముందు పొడి తడిసేంత పోసి, అది ఉబ్బేదాకా ఇంకో అర నిమిషం ఆగి, మిగతాది మెల్లగా పోసి మూత పెట్టండి. పొడి తన బరువుకు రెండింతల నీటిని పీల్చుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 100 మిల్లీలీటర్లు. పది పన్నెండు నిమిషాల్లో దిగితే సరైన లెక్క. నాలుగైదు నిమిషాల్లోనే ఖాళీ అయితే పొడి మరీ గరుకుగా ఉన్నట్టు. ఇరవై నిమిషాలైనా దిగకపోతే మరీ మెత్తగా ఆడించారు, లేదా అదమడం ఎక్కువైంది. మనిషికి 50 మిల్లీలీటర్ల డికాక్షన్‌కు 80 మిల్లీలీటర్ల పాలు చాలు, చక్కెర మామూలుగా వేసేదాంట్లో సగం. డికాక్షన్‌ను మళ్లీ పొయ్యి మీద పెట్టొద్దు, చేదెక్కుతుంది. వేడి పాలే దాన్ని వేడి చేయాలి.

మిక్సీ ఉంటే గింజలే కొనడం ఇంకా మంచిది, ఎందుకంటే గింజ అబద్ధం చెప్పదు. గుప్పెడు గింజలు తెల్లకాగితం మీద పరిచి చూడండి. మిగతావన్నీ ఒకే గోధుమరంగులో ఉండి, అక్కడక్కడ వేరుశనగ పప్పులా పాలిపోయినవి కనిపిస్తే అవి పచ్చికాయల గింజలు. పండకముందే కోసిన కాయలో చక్కెర తయారు కాదు, ఎంత వేయించినా రంగు రాదు, కప్పులో గడ్డివాసన వస్తుంది. కొన దగ్గర సూదిమొన పాటి రంధ్రం ఉంటే కాయతొలుచు పురుగు పని. 2025లో అరకు వైపు ఈ పురుగు కనిపించాక సోకిన కాయలను ఏరి నాశనం చేయాల్సి వచ్చింది.

ధర ఎక్కువనిపిస్తే ఈ లెక్క చూడండి. ఒక కిలో పచ్చి గింజకు ఐదారు కిలోల పండ్లు కావాలి. వేయించేటప్పుడు మళ్లీ ఆరో వంతు దాకా తరుగు పోతుంది. ఆ పండ్లన్నీ చేత్తో ఏరినవే. ఒకే కొమ్మ మీద ఎర్రవీ పచ్చివీ పక్కపక్కనే ఉంటాయి. నవంబరు నుంచి జనవరి చివరిదాకా ఎర్రబడ్డవి మాత్రమే కోస్తూ అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. కొమ్మను ఒక్క ఊపున దూసేస్తే పని తొందరగా అవుతుంది, రుచి పోతుంది. కోసిన పండు తొక్క అదే రోజు తీసి, జిగురు పోయేలా పులియబెట్టి, కడిగి ఆరబెడితే పార్చ్‌మెంట్. పండును తొక్కతోనే ఎండబెడితే చెర్రీ. మొదటిది శుభ్రమైన రుచి. రెండోది నేల మీద ఎండితే మట్టివాసన పట్టుకుంటుంది. ప్యాకెట్ మీద పార్చ్‌మెంట్ అని కనిపిస్తే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి.

ఈ పని చేసేది భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోదు కుటుంబాలు. ఎక్కువమందివి ఎకరం, రెండెకరాల తోటలే. పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, అనంతగిరి, అరకులోయ మండలాల్లో సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఉంటాయి ఈ తోటలు. ఈ మండలాలన్నీ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోవి, జిల్లా కేంద్రం పాడేరు. జిల్లాకు ఆ పేరు ఊరికే రాలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు వ్యవసాయం మీద ఆంక్షలు బిగిశాయి. ఘాట్ రోడ్ల పనికి వెట్టిగా, అరకొర కూలికి గిరిజనులను తోలారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడులు జరిగాయి ఇందుకే. 1924 మే నెలలో రాజును కాల్చి చంపాక తిరుగుబాటు అణగింది, పోడు సమస్య అలాగే ఉండిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో పోడుకు బదులుగా ప్రభుత్వం ముందుకు తెచ్చిన పంటల్లో నిలదొక్కుకున్నది కాఫీ. పోడు చేయాలంటే చెట్టు నరకాలి, కాఫీ వేయాలంటే చెట్టు ఉంచాలి.

ఆ నీడ అలంకారం కాదు. అరబికా మొక్క నీడ లేకుండా నేరుగా ఎండలో ఉంటే తెల్ల కాండం తొలుచు పురుగు పట్టి చచ్చిపోతుంది. అందుకే తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా లేచి ఉంటాయి, వాటికి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. సిల్వర్ ఓక్ త్వరగా పెరుగుతుంది గానీ పరాయి జాతి. పనస లాంటి చెట్లు కలిసిన తోటలో ఆకు రాలి నేల మెత్తబడుతుంది, రైతు ఇంటికి తిండీ దొరుకుతుంది. అలాంటి మిశ్రమ నీడను ప్రోత్సహించడమే సరైన దారి.

2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గింజ ఏ కొండలదో చెబుతుంది. ఎప్పుడు వేయించారో చెప్పదు. ఆ తేదీ మీరే వెతకాలి. వేయించి నెల దాటని పొడి తీసుకోండి, 200 గ్రాములకు మించి ఒకేసారి వద్దు. తెరిచాక గాలి చొరబడని డబ్బాలో పోసి రెండు మూడు వారాల్లో ముగించండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తేమ పడుతుంది. అరకు, అనంతగిరి రోడ్డు పక్కన లేబుల్ లేకుండా తూచి ఇచ్చే పొడి కొనేముందు గ్లాసు చల్లటి నీళ్ల మీద చిటికెడు చల్లి చూడండి. కాఫీ కాసేపు పైనే తేలుతుంది, చికోరీ వెంటనే గోధుమరంగు చారలు వదులుతూ దిగిపోతుంది.

రోజూ తాగడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరికేది అందుబాటు ధర. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ గిరిజన రైతులతో తెచ్చిన అరకు బ్రాండు ఖరీదైన తరగతి. 2017లో పారిస్‌లోనూ దుకాణం తెరిచింది. నల్ల కాఫీ తాగేవారికి ఆ ఖర్చు తగినదే, పాలు పోసుకునేవారికి అక్కర్లేదు. కొత్త పంట పొడి కావాలంటే మార్చి దాటాక అడగండి. పనిలో పనిగా పాడేరు మిరియాలు కూడా ఒక పావుకిలో తీసుకోండి. అవీ అదే తోటలో, అదే రైతు పండించినవి.