కడప బండల గూట్లో డబ్బాలు, ట్రేలు: నాలుగేళ్ళు వాడినాక

మాది కడపలో పాత ఇల్లు. వంటింటి మూలన సామాన్ల గూడు: మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, గోడలోకి దించిన ఐదు కడప బండలు. బండకూ బండకూ మధ్య 15 అంగుళాల ఎత్తు. ఐదుగురం తినే ఇంటికి స్టోర్ రూమన్నా అదే, అటకన్నా అదే. 2021లో విసుగొచ్చి ఒకేసారి లోపలిది కనపడే చదరపు డబ్బాల సెట్టు, ముందు పిడి ఉన్న పొడుగాటి ట్రేలు, అర కింద తగిలించే వైరు బుట్టలు, గుండ్రంగా తిరిగే ట్రే ఒకటి కొన్నాను.

బుట్టల సంగతి ముందే తేల్చేస్తా. దండగ. అవి చెక్క అరలకు చేసినవి. కొక్కేల సందు ముక్కాలు అంగుళం, మా బండ అంగుళం పైనే. బలవంతంగా ఎక్కించబోతే కొక్కెం వంకరపోయింది, బండ అంచు పెచ్చు లేచింది. ఇప్పుడవి నేలమీద ఎర్రగడ్డలూ తెల్లగడ్డలూ మోస్తున్నాయి. గాలి బాగా ఆడుతుంది కాబట్టి ఆ పనికి మాత్రం వంక పెట్టలేను.

డబ్బాల దగ్గర మా అత్తమ్మకూ నాకూ పెద్ద వాదన. ఆమెవన్నీ గుండ్రటి స్టీలు డబ్బాలు. అంతే వెడల్పు, అంతే ఎత్తున్న చదరపు డబ్బాలో పావు వంతు ఎక్కువే పడుతుందని కొలిచి చూపించాను. "లెక్క సరే మ్మీ, మూలల్లో సందు లేకుంటే చెయ్యి యాడ పెట్టి తీస్తావు?" అనింది. నవ్వినాను. నెల తిరక్కుండానే ఆమె మాటే నిజమైంది. ఇరికించి పేర్చిన వరుసలోంచి కందిపప్పు డబ్బా లాగబోతే పక్కన ఉన్న రవ్వ డబ్బా కింద పడి, వంటిల్లంతా రవ్వ. అప్పటి నుంచి డబ్బాకూ డబ్బాకూ రెండు వేళ్ళ సందు వదుల్తున్నా. అంటే మిగిలిన జాగాలో కొంత మళ్ళీ పోయినట్టే.

పన్నెండు డబ్బాల్లో నాలుగింటికి మూత చెవులు విరిగినాయి, అన్నీ రోజూ తెరిచేవే. నాలుగు వైపులా నొక్కే మూతలకు ఆ చెవుల దగ్గరే ప్రాణం. లోపలిది కనపడుతుందన్న సుఖం మాత్రం నిజం, నెలసరుకుల చీటీ గూటి ముందు నిలబడే రాసేస్తా. అయితే కారప్పొడి వెలుతురుకు రంగు దిగిపోయింది, దాన్ని మళ్ళీ స్టీలు డబ్బాకే మార్చినా. చెనిగ్గింజలు (వేరుశనగలు) కూడా ఎండాకాలం ఇందులో ఉంచను. మా ఊరి ఎండలకు తొందరగా ముక్కిన వాసన వస్తాయి. ఫ్రిజ్‌లోకి పోతాయి.

ట్రేలు మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ పని చేసినాయి. అడుగున్నర లోతు గూట్లో వెనక వరుస అంటే మర్చిపోయే వరుస. ఒకసారి పండక్కి సర్దుతుంటే రెండు పొట్లాల సద్దలు దొరికినాయి, నిండా పురుగే. ఇప్పుడు వెనక వరుసన్నదే లేదు, ట్రే లాగితే అంతా ముందుకొస్తుంది. మొదట పప్పులన్నీ ఒక ట్రేలో, పిండ్లన్నీ ఒక ట్రేలో పెట్టినా, లాభం లేకపోయింది. తర్వాత వంటను బట్టి మార్చినా. సంగటి ట్రేలో రాగిపిండి, నూకలు. ఉగ్గాణి (బొరుగులు, అంటే మరమరాలతో చేసే టిఫిను) ట్రేలో పప్పుల పొడి, ఎండుమిరపకాయలు, పసుపు, పోపు గింజలు. పొద్దున ఒక్క ట్రే తీసి పొయ్యి పక్కన పెట్టుకుంటే పనైపోయేదాకా గూటి దిక్కు చూడక్కర్లేదు. మా బండలు గరుకువి, ట్రే లాగితే పళ్ళు జిల్లుమనేవి. పాత టేబుల్ క్లాత్ ముక్కలు పరిచినాక ఆ బాధ పోయింది.

తిరిగే ట్రే బాగుంటుంది గానీ నాలుగు మూలలూ వృథా. పైగా దానిమీద పెట్టిన నిమ్మకాయ ఊరగాయ జాడీ కారి, కింద బండమీద తెల్లటి మచ్చ పడింది. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు తగిలితే తినేస్తుంది. ఎంత తోమినా పోలేదు. ఊరగాయ జాడీల కింద పళ్ళెం పెట్టండి.

కానీ ఖర్చు లేకుండా కుదిరిందొకటుంది. 15 అంగుళాల ఎత్తులో ఏడు అంగుళాల డబ్బా పెడితే పైనంతా గాలే, ఒకదానిమీద ఒకటి పెడితే కిందిది తీయాలంటే పైది దించాల. అటకమీద పడున్న పాత భోజనాల పీటలు రెండు దించి, వెనకవైపు మెట్టులా వేసినా. చిన్న సీసాలన్నీ పీటమీద నిలబడి ముందువాటి తలలమీదుగా కనపడతాయి. ట్రే పట్టని పై రెండు బండలకు ఇదే చాలు.

బియ్యం గూట్లో పెట్టను. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాకింగ్‌మీద 5 శాతం జీఎస్టీ వేసినాక, ఆ పన్ను పడకుండా మూట 26 కిలోలైంది. అది కింద డ్రమ్ములోకే.

మళ్ళీ కొనాల్సి వస్తే ట్రేలు ఇంకో నాలుగు తెస్తా, డబ్బాలు తిప్పి బిగించే మూతలవి తెస్తా, మిగతా రెండిటి జోలికి పోను. ఇంతా సర్దినా బొరుగులకు మాత్రం జాగా దొరకలేదు. కిలో కందిపప్పు లీటరున్నర డబ్బాలో పడుతుంది, కిలో బొరుగులకు బకెట్టు కావాల. అత్తమ్మ పాత రేకు డబ్బా వాటితో నిండి, ఇప్పటికీ ఫ్రిజ్ మీదే కూర్చోనుంది.