హత్య కేసు అప్పీళ్లలో సాక్ష్య స్వీకారంపై ఒక ఆన్‌లైన్ కోర్సు: సమీక్ష

హత్య కేసుల్లో సెషన్స్ కోర్టు స్వీకరించిన సాక్ష్యాన్ని అప్పీలులో ఏ మేరకు ప్రశ్నించవచ్చో వివరించే ఈ ఆన్‌లైన్ కోర్సును క్రిమినల్ ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్ న్యాయవాదులకు ఒక షరతుతో సిఫారసు చేస్తాను.

కోర్సు బలమంతా పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ మీద, అంటే పోలీసు కస్టడీలో నిందితుడు చెప్పినదాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మాటల్లో దానికి సంబంధించిన భాగాన్నే సాక్ష్యంగా తీసుకోనిచ్చే నియమం మీద, చెప్పిన పాఠాల్లో ఉంది. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై బ్రిటిష్ హయాంలో చివరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులో, బల్లెంతో పొడిచానని, దాన్ని తన ఊళ్లో ఒక దొడ్డిలో దాచానని, వస్తే చూపిస్తానని నిందితుడు పోలీసులకు చెప్పిన వాంగ్మూలంలో దాచిన చోటు, చూపిస్తానన్న మాట మాత్రమే సాక్ష్యంగా నిలిచాయి. పొడిచానన్న ఒప్పుకోలు నిలవలేదు. అధ్యాపకుడు దీన్ని చెప్పి వదిలేయకుండా, ఒక నమూనా మధ్యవర్తుల నివేదికను (నిందితుడి మాటలను, దొరికిన వస్తువులను సాక్షుల ఎదుట పోలీసులు రాసుకునే పత్రం) చేతికిచ్చి, చెల్లని ప్రతి వాక్యాన్నీ ఎర్ర సిరాతో కొట్టేయించారు. అలా కొట్టేశాక ప్రాసిక్యూషన్ చేతిలో మిగిలేది ఎంత తక్కువో అప్పుడే తెలుస్తుంది.

ఎలక్ట్రానిక్ సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి పాఠం పట్టు తప్పింది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టులో దాఖలు చేసేటప్పుడు జతచేయాల్సిన ధ్రువపత్రం, అంటే 65బి సర్టిఫికెట్ మీద 2014 నాటి అన్వర్, 2020 నాటి అర్జున్ పండిత్‌రావు తీర్పులను సావకాశంగా చెప్పి, అప్పీలుకు అసలు కీలకమైన 2017 నాటి సోనూ తీర్పును రెండు మాటల్లో తేల్చేశారు. కాల్ డేటాకు సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరాన్ని, విచారణలో ఆ పత్రాన్ని ఎగ్జిబిట్‌గా (సాక్ష్యపు పత్రంగా) మార్కు చేసేటప్పుడే లేవనెత్తాలని, అప్పుడు అడిగి ఉంటే ప్రాసిక్యూషన్ ఆ లోపాన్ని సరిదిద్దుకునేదని, అందువల్ల అప్పీలులో తొలిసారి అడిగితే చెల్లదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. పోలీసులకిచ్చిన ఒప్పుకోలు సంగతి వేరు; దానిది రుజువు చేసే పద్ధతిలో లోపం కాదు, చట్టమే నిషేధించిన సాక్ష్యం కనుక ఏ దశలోనైనా అభ్యంతరం చెప్పవచ్చు. అప్పీలు గ్రౌండ్స్ రాసేవారికి ఈ తేడాయే ఆయువుపట్టు. చెల్లని సాక్ష్యాన్ని తీసేశాక మిగిలినది శిక్షకు సరిపోతుందా అని అప్పీలు కోర్టు చూడాలన్న 167వ సెక్షన్‌కు కూడా కనీసం ఒక పూర్తి పాఠం కేటాయించాల్సింది.

నోట్సులో అన్నీ పాత సెక్షన్ నంబర్లే ఉన్నాయని కొందరు విసుక్కోవచ్చు. కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1 నాటికి పెండింగులో ఉన్న విచారణలకు, అప్పీళ్లకు పాత చట్టమే వర్తిస్తుంది కనుక దాన్ని పెద్ద లోపంగా నేను చూడను; కొత్త కేసులు చేపట్టేవారు మాత్రం ఆ కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమంలో పాత 27, 65బి, 167 సెక్షన్ల స్థానంలో ఉన్న 23, 63, 169 సెక్షన్లను పక్కన పెట్టుకుని ఈ పాఠాలు వినాలి. సోనూ తీర్పు పూర్తి పాఠాన్ని విడిగా చదువుకోవాలన్నదే నేను మొదట చెప్పిన షరతు.