ఎల్మ్‌లో ఏడేళ్లు: కాంపొనెంట్లు మానేసి ఫంక్షన్లు రాయడం మొదలెట్టాక

ఎల్మ్‌తో 2017 చివర్లో మొదలెట్టా, అప్పటికి 0.18 వెర్షన్ నడుస్తోంది. 2018 ఆగస్టులో 0.19 వచ్చాక దానికి మారాం, 2019లో వచ్చిన 0.19.1 మీదే మా అప్లికేషన్ ఇప్పటికీ నడుస్తోంది. అంతా ఫారాలూ, టేబుళ్లూ, రిపోర్టులూ ఉండే పని, అందుకని ఇక్కడ చెప్పేది కూడా వాటి గురించే.

తెలియనివాళ్ల కోసం కాస్త. ఎల్మ్ బ్రౌజర్ కోసమే పుట్టిన ఫంక్షనల్ (అంతా ఫంక్షన్లతోనే కట్టే) ప్రోగ్రామింగ్ భాష, 2012లో మొదలైంది, జావాస్క్రిప్ట్‌గా కంపైల్ అవుతుంది. అప్లికేషన్ మొత్తానికీ మోడల్, అంటే డేటా అంతా ఉండే చోటు, ఒక్కటే. ఏం జరిగినా ఒక మెసేజ్ వస్తుంది, అప్‌డేట్ ఫంక్షన్ ఆ మెసేజ్‌నీ పాత మోడల్‌నీ తీసుకుని కొత్త మోడల్ ఇస్తుంది, వ్యూ దాన్ని చూసి స్క్రీన్ గీస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఇలాగే డేటాని ఒకే చోట ఉంచే రెడక్స్ లైబ్రరీకి ప్రేరణ ఇచ్చినవాటిలో ఇదొకటి.

నేను రియాక్ట్ నుంచి వచ్చా, ఆ జావాస్క్రిప్ట్ లైబ్రరీలో స్క్రీన్‌ని సొంత డేటా ఉంచుకోగల ముక్కలుగా, అంటే కాంపొనెంట్లుగా కడతారు, కాబట్టి మొదటి ఏడాది కనపడిన ప్రతిదాన్నీ కాంపొనెంట్ చేశా. డ్రాప్‌డౌన్‌కి సొంత మోడల్, సొంత మెసేజ్ టైపు, సొంత అప్‌డేట్. చివరికి చెక్‌బాక్స్‌కి కూడా. ఇలా చేస్తే ఏమవుతుందంటే పేజీలో ఆరు ఇన్‌పుట్లుంటే పేరెంట్‌లో, అంటే వాటిని పెట్టుకున్న పేజీలో, ఆరు మెసేజ్ రేపర్లు, అప్‌డేట్‌లో ఆరు బ్రాంచిలు, ప్రతిదానికీ దాని మెసేజ్‌ని పేరెంట్ మెసేజ్‌గా మార్చే మ్యాప్ వ్యూలో ఒకటి, కమాండ్‌కి (సర్వర్‌ని అడగడం లాంటి బయటి పనికి) ఇంకోటి, ఇదంతా రాశాక కూడా ఆ డ్రాప్‌డౌన్‌లో యూజర్ ఏం ఎంచుకున్నాడో పేరెంట్‌కి తెలియాలంటే మళ్లీ ఇంకో దారి వెతుక్కోవాలి. టైపింగ్ ఎక్కువవుతోందనే బాధ పర్లేదు, ఓర్చుకోవచ్చు. అసలు దెబ్బ వేరే చోట తగిలింది.

రిపోర్ట్ పేజీలో రెండు డేట్ పికర్లు, మొదలు తేదీ, ముగింపు తేదీ. ఎంచుకున్న తేదీని పికర్ తన మోడల్‌లో దాచుకునేది. అదే తేదీ యూఆర్ఎల్ నుంచి వచ్చే ఫిల్టర్‌లో కూడా ఉండేది. యూజర్ బ్రౌజర్‌లో బ్యాక్ నొక్కితే యూఆర్ఎల్ మారి రిపోర్ట్ పాత తేదీలకి వెళ్లేది, పికర్ మాత్రం కొత్త తేదీ చూపిస్తూ కూర్చునేది. రెండిట్నీ కలపడానికి సింక్ కోడ్ రాశా, అది ఇంకో బగ్ తెచ్చింది, ముగింపు తేదీ మొదలు తేదీ కన్నా వెనక్కి వెళ్లినా రెండు పికర్లలో ఏదీ పట్టుకోలేదు. రెండు రోజులు పోయాయి.

దారి చూపించింది ఎల్మ్ సార్టబుల్ టేబుల్ అనే ప్యాకేజీ. దాని కోడ్ తెరిచి చదివితే టేబుల్ తన స్టేట్‌లో ఉంచుకునేది ఏ కాలమ్ మీద, ఏ వైపు సార్ట్ చేయాలో అంతే. వరుసల డేటా పేరెంట్‌దే, వ్యూ పిలిచేటప్పుడు ఇస్తారు. కాలమ్స్ ఏంటి, స్టేట్ మారితే ఏ మెసేజ్ పంపాలి అన్నవి కాన్ఫిగ్‌లో ఉంటాయి, ఆ కాన్ఫిగ్‌ని మోడల్‌లో పెట్టొద్దని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది. అది చదివాక డేట్ పికర్‌ని అలాగే తిరగరాశా. క్యాలెండర్ తెరిచి ఉందా లేదా, ఇప్పుడు ఏ నెల కనపడుతోంది, ఈ రెండే పికర్‌వి. తేదీ పేజీది. దాంతో సింక్ కోడ్ మొత్తం తీసేశా, ముగింపు తేదీ చెక్ పేజీ అప్‌డేట్‌లో ఒక్క ఇఫ్‌తో తేలిపోయింది. అప్పట్నుంచీ ఏదైనా కొత్త ముక్క కట్టేముందు నేను అడిగే మొదటి ప్రశ్న, ఈ డేటా ఎవరిది? చాలాసార్లు జవాబు పేరెంట్‌దే అని వస్తుంది, అప్పుడు మోడలూ అక్కర్లేదు, మెసేజూ అక్కర్లేదు, మామూలు వ్యూ ఫంక్షన్ చాలు. ఫంక్షన్లో ఫంక్షన్ పెట్టుకుంటూ పోవడమే ఎల్మ్‌లో కంపోజిషన్, నాకు అది అర్థం కావడానికి ఏడాది పట్టింది.

బటన్ల లాంటివాటికి పైప్ పద్ధతి, అంటే ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కి అందిస్తూ పోవడం, బాగా కుదిరింది. ముందు ప్రైమరీ బటన్, దానికి పైప్ పెట్టి ఐకాన్, ఇంకో పైప్ పెట్టి డిసేబుల్డ్, చివర్లో వ్యూ. లోపలి టైపుని మాడ్యూల్ బయటికి ఎక్స్‌పోజ్ చేయను కాబట్టి రేపు లోపల ఎంత మార్చినా వాడేవాళ్ల కోడ్ కదలదు.

ఇంకో చోట జాగ్రత్త పడాలి, వ్యూ ఫంక్షన్‌ని చుట్టడానికి వాడే లేజీ అనే ఫంక్షన్. ఆర్గ్యుమెంట్లు మారకపోతే ఆ వ్యూని మళ్లీ కట్టకుండా వదిలేస్తుంది, కానీ రికార్డుల్ని రిఫరెన్స్ బట్టే (మెమరీలో అదే రికార్డా కాదా అని) పోలుస్తుంది, లోపల ఏముందో చూడదు. నేను కాన్ఫిగ్ రికార్డ్‌ని వ్యూ లోపలే కట్టి లేజీకి ఇచ్చా, ప్రతిసారీ కొత్త రికార్డే, లేజీ ఉన్నా లేనట్టే, పెద్ద టేబుల్ ఉన్న పేజీలో ఒక్క అక్షరం టైప్ చేసినా ఆగి ఆగి కదిలేది. కాన్ఫిగ్‌ని ఫైల్ టాప్ లెవెల్‌కి తెచ్చి పెడితే సరిపోయింది.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. టైప్ క్లాసులు (ఒక టైపుతో ఏమేం చేయొచ్చో ఒక్కసారి చెప్పి అన్నిచోట్లా వాడుకునే వీలు) లేవు కాబట్టి మనం చేసుకున్న టైపుకి డ్రాప్‌డౌన్ కావాలంటే దాన్ని స్ట్రింగ్‌గా మార్చే ఫంక్షన్ ప్రతిసారీ చేతికివ్వాలి. జావాస్క్రిప్ట్‌ని నేరుగా పిలిచే నేటివ్ మాడ్యూల్స్ దారి 0.19లో మూసేశారు, ఇక పోర్ట్స్ (జావాస్క్రిప్ట్‌తో మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే దారి) లేదా కస్టమ్ ఎలిమెంట్సే (జావాస్క్రిప్ట్‌లో మనం చేసుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు). సర్వర్‌ని అడిగి సజెషన్స్ తెచ్చే ఆటోకంప్లీట్‌కి సొంత అప్‌డేట్, సొంత కమాండ్ తప్పవు, అక్కడ ఆ మ్యాపులన్నీ రాయాల్సిందే, రాస్తున్నా.

కంపైలర్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మొన్న టీమ్‌లోకి కొత్తగా వచ్చినామె డేట్ పికర్ కాన్ఫిగ్‌లో సెలవు రోజులకి ఒక ఫీల్డ్ చేర్చింది, అది వాడిన ప్రతి ఫైల్‌నీ కంపైలర్ వరసగా చూపించింది, ఆమె ఒక్కోటీ సరిచేసుకుంటూ మధ్యాహ్నానికి ముగించింది, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాత పద్ధతిలో ఇంకా మూడు మిగిలాయి మా దగ్గర, రెండు ఆటోకంప్లీట్లు, ఒక టెక్స్ట్ ఎడిటర్. ఎడిటర్‌ని ఈ నెల కస్టమ్ ఎలిమెంట్‌గా మారుస్తున్నా.