పన్నెండు దీవులు అన్నారు, మూడు వచ్చాయి: నాలుగేళ్లు ఎదురుచూసిన ఆట

ఎడమ ట్రిగ్గర్ నొక్కితే ఎడమ తెడ్డు, కుడి ట్రిగ్గర్ నొక్కితే కుడి తెడ్డు. రెండూ ఒకే బలంతో వేస్తే పడవ తిన్నగా పోదు, ఎదురుగా కూర్చున్న ముసలాయన ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆ ఒరుగు చూసుకుంటూ ఒక చెయ్యి గట్టిగా, ఇంకో చెయ్యి మెల్లగా వెయ్యాలి. ఆయన దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంటాడు. కొడుకు ఎక్కడున్నాడని అడిగితే మాత్రం ఉన్నచోట కాస్త జరుగుతాడు. పడవ ఊగుతుంది, చేతిలో కంట్రోలర్ సన్నగా వణుకుతుంది. ఈయన ఏదో దాస్తున్నాడని ఆ వణుకుతోనే మనకు తెలిసిపోతుంది.

ఈ ఏడాది నేను ఆడిన ఆటలన్నిటిలో ఇంత బాగున్న ఇరవై నిమిషాలు ఇంకెక్కడా లేవు. అందుకే మిగతా ఆట గురించి రాయాలంటే మనసు బరువెక్కుతోంది.

ఇది జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసి మొదలుపెట్టిన ఆట. చేసినవాళ్లు ఐదుగురు, అందరికీ ఇదే మొదటి ఆట. పేరు రాయడం లేదు. చిన్నవాళ్లు, ఇంకా పని చేస్తూనే ఉన్నారు. నేను చెప్పబోయే పొరపాట్లు వాళ్ల ఒక్కరివే కావు, నేను డబ్బు పెట్టిన మరో రెండు ఆటల్లోనూ చూశాను. పదకొండేళ్లుగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కాబట్టి ఆట చూసేటప్పుడు ఆడేవాళ్ల కన్ను, తప్పులు వెతికే కన్ను రెండూ తెరుచుకునే ఉంటాయి.

2021 చివర్లో మా తమ్ముడు లింక్ పంపాడు. "అక్కా, ఇది చూడు, ఇద్దరం కలిసి ఆడొచ్చంట" అన్నాడు. మూడు నిమిషాల వీడియో. పొగమంచులో పడవ, దూరంగా దీపం, తెడ్డు నీళ్లలో పడే చప్పుడు. పడవ నడిపే అమ్మాయిగా మనం దీవి నుంచి దీవికి మనుషుల్ని చేరవేస్తాం, దారిలో వాళ్ల కథ వింటాం. పన్నెండు దీవులు, మారే వాతావరణం, సరుకుల వ్యాపారం, ఇద్దరు కలిసి తెడ్లు వేసే పద్ధతి. పద్దెనిమిది నెలల్లో ఇస్తామన్నారు. ఇద్దరం చెరో వాటా పెట్టాం. తొమ్మిదో రోజుకే అడిగిన మొత్తం వచ్చేసింది, నెల ముగిసేసరికి దానికి మూడింతలైంది.

ఇలాంటి సైట్లలో లెక్క ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం ఒక మాట. 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ పద్ధతి ఏమిటంటే, గడువులోగా లక్ష్యం చేరితేనే డబ్బు కదులుతుంది, చేరకపోతే ఎవరి కార్డు నుంచీ ఏమీ పోదు. చేరితే సైటు 5 శాతం తీసుకుంటుంది, కార్డుల లావాదేవీలకు ఇంకో 3 నుంచి 5 శాతం పోతుంది. ఆపైన పన్ను, పోస్టర్లూ టీషర్టులూ పంపే ఖర్చు. పేజీ మీద మెరిసే అంకెకీ, ఆట తయారీకి మిగిలే డబ్బుకీ మధ్య చాలా దూరం ఉంటుంది. పైగా మనం ఇచ్చింది కొనుగోలు కింద రాదు. తయారు కాని వస్తువు మీద నమ్మకం పెట్టామంతే.

డబ్బు మూడింతలైందని మేమిద్దరం సంబరపడ్డాం. నాకు ఇప్పుడు బాధనిపించేది సరిగ్గా ఆ నెల గురించే. మొత్తం పెరిగేకొద్దీ పేజీ మీద కొత్త వాగ్దానాలు చేరుతూ వచ్చాయి. ఇంత దాటితే ఆన్‌లైన్‌లో నలుగురు ఆడొచ్చు. ఇంకొంత దాటితే ప్రతి పాత్రకూ గొంతు. ఇంకా దాటితే కన్సోల్స్ అన్నిటికీ, ఆపైన మీ సొంత దీవి మీరే కట్టుకునే సాధనం. వీటినే స్ట్రెచ్ గోల్స్ అంటారు. ఒక్కోటి చేరినప్పుడు కింద కామెంట్లలో పండగ వాతావరణం. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ చప్పట్లు కొట్టాను.

లెక్క ఆ రోజే వేసుండొచ్చు. ఐదుగురు, పద్దెనిమిది నెలలు. అంటే ఒక మనిషి తొంభై నెలలు చేసేంత పని. పన్నెండు దీవులకు పంచితే దీవికి ఏడున్నర నెలలు. అందులోనే బొమ్మలు, కథ, సంగీతం, నీళ్ల కదలిక, మెనూలు, సేవ్ చేసే వ్యవస్థ, పరీక్షలు, బ్యాకర్లకు, అంటే డబ్బు పెట్టినవాళ్లకు, జవాబులు, అన్నీ. తర్వాత వాళ్లే ఒక అప్‌డేట్‌లో రాశారు: మొదటి దీవి ఒక్కటి పూర్తవడానికి పదకొండు నెలలు పట్టిందట, అదీ అందరూ దాని మీదే కూర్చుంటే. అంటే యాభై ఐదు నెలల మనిషి పని ఒక్క దీవికే అయిపోయింది. అది చదివినప్పుడు నాకు కోపం రాలేదు, గుండె జారింది. వాళ్లు సోమరులు కాదు. ఒక దీవి చెయ్యడానికి ఎంత కాలం పడుతుందో, ఒక దీవి చేసేదాకా వాళ్లకు తెలియదు. తెలియకముందే పన్నెండు మాటిచ్చేశారు.

అనుభవం ఉన్నవాళ్లకు ఇలా జరగదని అనుకోకండి. 2012లో డబుల్ ఫైన్ అనే ఆటల కంపెనీ వాళ్లు కిక్‌స్టార్టర్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షలకు పైగా ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబరుకే ఇస్తామన్న ఆట, డబ్బుతో పాటు పెరిగింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ పెట్టిన టిమ్ షాఫర్ బ్యాకర్లకు రాసి, ఆటను రెండు భాగాలు చేస్తున్నామని చెప్పాల్సి వచ్చింది. 'బ్రోకెన్ ఏజ్' అనే ఆ ఆట మొదటి సగం 2014 జనవరిలో, రెండో సగం 2015 ఏప్రిల్‌లో వచ్చాయి. ఆయనకు అప్పటికే రెండు దశాబ్దాల అనుభవం. ఇక అనుభవం లేనివాళ్ల సంగతి చూడాలంటే 'యోగ్‌వెంచర్స్' అనే ఆట ఉంది. అదీ 2012లోనే, రెండున్నర లక్షల డాలర్లు అడిగితే 5 లక్షల 67 వేలు వచ్చాయి. ఆరుగురి చిన్న బృందం, మోయలేనంత పెద్ద ఆట. ఒక ఆర్టిస్టుకు ముందుగానే 35,000 డాలర్లు ఇచ్చేస్తే, ఆయన కొద్ది వారాలకే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. డబ్బు వెనక్కి రాబట్టుకునేలా ఒప్పందం రాసుకోలేదు. 2014లో ఆట ఆగిపోయింది. దాన్ని చేసినాయన తర్వాత రాసిన ఉత్తరం చదివితే ఎక్కడా మోసం కనపడదు, ముందెప్పుడూ చెయ్యని పని నెత్తికెత్తుకున్న మనిషి కనపడతాడు.

మా ఆటకు వద్దాం. మొదటి ఏడాది ప్రతి నెలా అప్‌డేట్ వచ్చేది, బొమ్మలతో, చిన్న వీడియోలతో. రెండో ఏడాది రెండు నెలలకు ఒకటి. తర్వాత ఇంజిన్, అంటే ఆటను నడిపే ఆధార సాఫ్ట్‌వేర్, మార్చారు, అది చెప్పడానికి మూడు నెలలు తీసుకున్నారు. ఆ తర్వాత ఐదు నెలలు ఒక్క మాట లేదు. తమ్ముడు నెలకోసారి ఫోన్‌లో అడిగేవాడు, "అక్కా, అసలు వస్తుందంటావా?" నాకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇంతకంటే చెడ్డ వార్తయినా ఫర్వాలేదు, చెబితే చాలు అనిపించేది. ఆలస్యం నేను తట్టుకోగలను. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఎక్కువ శాతం చెప్పిన తేదీకి రావని పరిశోధనల్లో ఎప్పుడో తేలింది. 2015లో కిక్‌స్టార్టర్ బ్యాకర్ల మీద ఈథన్ మాలిక్ అనే పరిశోధకుడు చేసిన సర్వేలో, ఇస్తామన్నది అసలు ఇవ్వలేకపోయినవి 9 శాతమని వచ్చింది. అంటే ఆలస్యంగానైనా చాలావరకు వస్తాయి. ఆ ఐదు నెలల మౌనం మాత్రం వాళ్లు చేసిన అతి పెద్ద తప్పు. ఇది డబ్బు లేక జరిగింది కాదు, ఒక పేరా రాయడానికి ధైర్యం చాలక జరిగింది.

మౌనం తర్వాత వచ్చిన ఉత్తరం మాత్రం నిజాయితీగా ఉంది. ఇద్దరు వెళ్లిపోయారు, ముగ్గురం మిగిలాం, ఆన్‌లైన్ ఆట లేదు, దీవులు కట్టుకునే సాధనం లేదు, మూడు దీవులతో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే ఆడేలా, ఇస్తాం, మిగిలినవి ఒక్కొక్కటిగా. అదే నాకు మొన్న అందింది.

మూడు దీవులూ కలిపి ఆరున్నర గంటలు పట్టింది. మొదటి దీవి గురించి పైన రాశాను, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. రాత్రి పూట తెడ్డు ఎత్తితే కొసల నుంచి నీటి బొట్లు పడతాయి, ఒక్కో బొట్టుకు ఒక్కో చప్పుడు. ఖాళీ పడవ తేలికగా తిరుగుతుంది, ఇద్దరు ఎక్కితే మొండికేస్తుంది. ఇద్దరు ఆడితే చెరో తెడ్డు. తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆడాం. మొదటి పావుగంట ఒకచోటే గుండ్రంగా తిరిగాం. తర్వాత మాట లేకుండానే లయ కుదిరింది. "నువ్వు ఆపు, నేను వేస్తా" అనే మాట కూడా అక్కర్లేకపోయింది. ఆ లయ కోసమే ఈ ఆట పుట్టిందని నా నమ్మకం.

మూడో దీవి సగం వండినట్టుంది. ఇళ్లున్నాయి, తలుపులు తెరుచుకోవు. సరుకుల వ్యాపారం అన్నది ఒక పట్టిక మాత్రమే, కొను, అమ్ము, అంతే. గొంతులు మొదటి దీవిలో ఉన్నాయి, మూడో దీవిలో ముగ్గురికే ఉన్నాయి. నన్నడిగితే ఆ వ్యాపారం మొత్తం తీసేసినా ఆటకు ఏ లోటూ రాదు. ప్రచార పేజీలో రాశారు కాబట్టి పెట్టారు.

అసలు దెబ్బ రెండో దీవిలో తగిలింది. ఒక ముసలమ్మ తన మేకను కూడా పడవలో తీసుకెళ్లమంటుంది. మేక రేవు మీద నుంచి పడవలోకి దూకుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. సరిగ్గా అది గాల్లో ఉన్నప్పుడు ఆట దానంతటదే సేవ్ అయింది. నేను ఆపేసి పడుకున్నాను. మర్నాడు తెరిస్తే మేక రేవు కింద నీళ్లలో కదలకుండా నిలబడి ఉంది. ముసలమ్మ "నా మేక ఎక్కలేదు" అంటూ పడవ ఎక్కదు, కథ అక్కడే ఆగిపోయింది. వెనకటి సేవ్ లేదు, ఆట ఒక్క సేవ్ మాత్రమే దాచుకుంటుంది. రెండు గంటల ఆట పోయింది. ఊరుకోలేక మొదటి నుంచి ఆడి మళ్లీ అదే క్షణంలో ఆపి చూశాను, మూడుసార్లకు మూడుసార్లూ అదే జరిగింది. మూడు సేవ్‌లు వరసగా దాచుకునే ఏర్పాటు ఉంటే ఏ బగ్ వచ్చినా ఆడేవాళ్లకు ఇంత నష్టం జరగదు. అది వాగ్దానాల పట్టికలో రాసుకునే గొప్ప విషయం కాదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. అలాంటి పనులే వెనకబడ్డాయి.

మరి డబ్బు పెట్టమంటానా? ఇలాంటి ప్రచారం రేపు ఇంకోటి వస్తే నేను ముందు చూసేది ఆడదగ్గ డెమో ఉందా అని. 2013లో 'అండర్‌టేల్' 5,000 డాలర్లే అడిగింది, ప్రచారంతో పాటే డెమో ఇచ్చింది. 51,000 దాకా వచ్చాయి, 2015లో ఆట వచ్చింది. ఆ డెమో ఆడినవాళ్లకు తాము దేనికి డబ్బు ఇస్తున్నారో తెలుసు. మా ఆటకు వీడియో మాత్రమే ఉండేది. రెండోది, స్ట్రెచ్ గోల్స్ ఎంత బరువైనవో వాళ్లకు తెలుసా అని. 'హాలో నైట్' చేసిన టీమ్ చెర్రీ 2014లో 35,000 ఆస్ట్రేలియా డాలర్లు అడిగి 57,000 అందుకుంది, 2017లో అద్భుతమైన ఆట ఇచ్చింది. ఆ ప్రచారంలోనే ఇంకో పాత్రతో ఆడే వీలు ఇస్తామని ఒక చిన్న స్ట్రెచ్ గోల్ ఉంది. అది పెరిగి పెరిగి 'సిల్క్‌సాంగ్' అనే వేరే ఆటయింది, 2025 సెప్టెంబరులో వచ్చింది. ఎంతో బాగా పని చేసినవాళ్లకే ఒక్క లైను వాగ్దానం అన్నేళ్లు తీసుకుంది.

ఈ ఐదుగురూ ఆ రోజు "ఒక్క దీవి, ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు కలిసి ఆడొచ్చు" అని మాత్రమే అడిగి ఉంటే నేను అంతే డబ్బు సంతోషంగా ఇచ్చేదాన్ని. ఆ ఆట రెండేళ్ల కిందటే వచ్చేది, ఇద్దరు మనుషులు విసిగి వెళ్లిపోయేవాళ్లు కాదేమో.

ఇప్పుడున్న స్థితిలో ఐదుకు మూడు. పక్కన కూర్చుని ఆడే మనిషి ఉంటే మూడున్నర. ఒంటరిగా ఆడేవాళ్లు, అర్ధాంతరంగా ఆగే కథ నచ్చనివాళ్లు నాలుగో దీవి వచ్చేదాకా ఆగండి. కొన్నవాళ్లు రెండో దీవిలో మేక పడవలో కూర్చునేదాకా ఆట ఆపకండి.

మేక సంగతి వాళ్లకు వివరంగా రాశాను. ఏ క్షణంలో జరిగింది, ఎన్నిసార్లు జరిగింది, సేవ్ ఫైలు, వీడియో, అన్నీ జతచేశాను. ఇంకో ఐదు నెలల మౌనం వస్తుందనే అనుకున్నాను. రెండు రోజులకే జవాబు వచ్చింది. మేక గాల్లో ఉన్నప్పుడు సేవ్ అవకుండా మార్చామని, మూడు సేవ్‌ల ఏర్పాటు వచ్చే ప్యాచ్‌లో, అంటే తప్పులు సరిదిద్దే అప్‌డేట్‌లో, పెడుతున్నామని, నా పాత ఫైలు బాగుచేసి పంపుతున్నామని. తెరిచి చూశాను. మేక పడవలో ఉంది, ముసలమ్మ దాని తాడు పట్టుకుని కూర్చుంది. తమ్ముడికి ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నాడు, అప్పటిదాకా రేవు వదలొద్దన్నాడు.