ఆర్‌సీ ట్రక్కుకి అల్యూమినియం షాక్స్: ఆరు నెలల వాడకం తర్వాత

నాది రిమోట్‌తో నడిపే ఆర్‌సీ బండి, అసలు ట్రక్కులో పదో వంతు (1/10) సైజు షార్ట్ కోర్స్ ట్రక్కు. దానికి మొదట ఉన్నవి ప్లాస్టిక్ షాక్స్, అంటే కుదుపులు తట్టుకునే షాక్ అబ్జార్బర్లు. వెనక ఎత్తు కాస్త పెంచాలంటే స్ప్రింగ్ పైన క్లిప్ ముక్క ఇరికించాలి. ఒకటి పెడితే చాలదు, రెండు పెడితే ఎక్కువ. విసుగొచ్చి, కాలర్ (స్ప్రింగ్‌ని ఆపి ఉంచే మరల రింగు) తిప్పి ఎత్తు సరిచేసుకునే అల్యూమినియం సెట్ తీసుకున్నా. ఆరు నెలలుగా వాడుతున్నా. సరుకు గట్టిది, కొనొచ్చు. కానీ పెట్టెలోంచి తీసి నేరుగా బండికి బిగించకండి. నాలుగూ విప్పి, కడిగి, మీ చేత్తో నూనె పోసి బిగించుకున్నాకే వాటి పనితనం తెలుస్తుంది.

వచ్చిన రోజు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కి చూశా. ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాంట్లో చిటుకు చిటుకుమని గాలి చప్పుడు. ఇంకొకటి సగం దాకా ఖాళీగా జారి, అక్కడ్నుంచి బిగుసుకుంది, అంటే నూనె తక్కువ. అలాగే బిగిస్తే బండి కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో ఇంకోలా తిరుగుతుంది. విప్పి చూస్తే షాక్ బాడీ, అంటే నూనె ఉండే గొట్టం, లోపల మెషీన్ పనిలో మిగిలిపోయిన సన్నటి లోహపు పొడి ఉంది, నూనెలో బూడిద రంగు చారలు కట్టింది. ఆ పొడి ఓ-రింగ్ (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గర చేరితే షాఫ్ట్‌ని, అంటే లోపలికీ బయటికీ జారే కడ్డీని, గీస్తూనే ఉంటుంది.

ముందు కుడి పక్కది మూడో రోజుకే కారింది. ఓ-రింగులు మార్చా, మళ్ళీ కారింది. చాలా బాధేసింది. షాఫ్ట్‌ని లైటు కింద పెట్టి తిప్పితే అప్పుడు దొరికింది: కింద మరలు మొదలయ్యే చోట వెంట్రుకంత పొలుసు లేచి ఉంది. షాఫ్ట్ దూర్చిన ప్రతిసారీ అది రబ్బరుని కోస్తోంది. 2000 నంబరు వాటర్ పేపర్‌తో ఆ అంచు ఒక్కటే నున్నగా చేసి, మరల మీద నూనె రాసి, మెల్లగా తిప్పుతూ దూర్చా. ఆ తర్వాత చుక్క కూడా కారలేదు.

నూనె పోయడం దగ్గరే ఓపిక కావాలి. షాఫ్ట్‌ని పూర్తిగా కిందికి లాగి, బాడీని నిలువుగా పట్టుకుని, అంచు దాకా సిలికాన్ నూనె పోయాలి. షాఫ్ట్ చివర ఉండే పిస్టన్‌ని (చిల్లులున్న బిళ్ళ) మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తే దాని చిల్లుల్లోంచి ఆవగింజలంత బుడగలు పైకొస్తాయి. పిస్టన్ నూనె పైకి తేలకూడదు, తేలితే మళ్ళీ గాలి పట్టుకుంటుంది. పెద్ద బుడగలు వెంటనే పోతాయి. పిస్టన్ అడుగున అంటుకున్న చిన్న బుడగ మాత్రం తీరిగ్గా వస్తుంది, దానికోసం పది నిమిషాలు కదపకుండా నిలబెట్టి ఉంచుతా.

మొదట నాలుగింట్లోనూ 40 వెయిట్ నూనె పోశా (వెయిట్ అంటే నూనె చిక్కదనం నంబరు). జంప్ నుంచి దిగేటప్పుడు బాగుంది కానీ చిన్న గతుకుల మీద టైర్లు నేలని వదిలేశాయి. ముందు 35, వెనక 30కి దించితే బండి నేలకి అతుక్కుని పోతోంది. బండి బరువు మోసేది స్ప్రింగ్, ఆ స్ప్రింగ్ ఊపుని అదుపు చేసేది నూనె. ఎత్తు తగ్గిందని చిక్కటి నూనె పోస్తే ఉపయోగం లేదు, కాలర్ తిప్పాలి. ఇంకో మాట: వెయిట్ నంబరు అన్ని కంపెనీలకీ కలవదు. సీసా మీద సీఎస్‌టీ (సెంటీస్టోక్స్, చిక్కదనం కొలత) అంకె ఉంటే దాన్నే నమ్మండి. బ్యాటరీ పెట్టి అడుగు ఎత్తు నుంచి బండిని వదిలి చూస్తా. పొట్ట నేలకి గట్టిగా కొట్టుకోకుండా, దిగాక ఒక్కసారే పైకి లేచి కుదురుకుంటే నాకు చాలు.

ఇక మెరుపు సంగతి. నీలం రంగు ఆనోడైజింగ్ రాళ్ళ దెబ్బలకి మచ్చలు పడింది. పాలిష్ పేస్ట్ ఒక్కటే పెట్టి రుద్దితే లాభం లేదు, ఆనోడైజింగ్ అంటే అల్యూమినియం మీద గట్టిగా ఉండే ఆక్సైడ్ పొర, ముందు అది పోవాలి. కాస్టిక్ సోడాలో వేసి తీసేవాళ్ళున్నారు, నేను ఆ పని చేయను. కాస్త ఆలస్యమైతే మరల్ని కూడా తినేస్తుంది. తడిపిన వాటర్ పేపర్‌తో 600, 1000, 1500, 2000 వరుసలో రుద్దా. నంబరు మార్చినప్పుడల్లా అడ్డంగా రుద్దితే పాత గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. ఆఖర్న మెటల్ పాలిష్. గుడ్డ నల్లబడుతోందంటే పని జరుగుతున్నట్టే. క్యాపులు, బాడీ కింది నున్నటి భాగం మాత్రమే చేశా. మరలు తాకితే కాలర్ వదులవుతుంది, షాఫ్ట్ తాకితే కారడం మొదలవుతుంది. తర్వాత సబ్బు నీళ్ళతో, టూత్‌బ్రష్‌తో పేస్ట్ మొత్తం కడిగా. రంగు పొర పోయిన లోహం వేలిముద్రలకే మాసిపోతుంది కాబట్టి, నెలకోసారి మళ్ళీ రుద్దుతున్నా. అద్దంలా మెరిసే ఆ క్యాపుని చూస్తే ఆ కష్టం గుర్తుండదు.

ఒక్క ఫిర్యాదు మిగిలింది. ఒక్కో షాక్‌లో ఓ-రింగులు రెండేసి ఉంటే, పెట్టెలో స్పేర్‌గా ఇచ్చినవి మొత్తం రెండే. సెట్‌తోపాటే కనీసం ఎనిమిది విడిగా తెప్పించుకోండి.